పాఠం చేరితే చాలదు, అందాలి

పిల్లలూ! మీ పేరున ఒక ఉత్తరం వచ్చిందనుకోండి. తెచ్చినవాడు దాన్ని మీ ఇంటి అటకమీద, మీ చెయ్యి అందని చోట పెట్టి వెళ్ళిపోయాడు. ఉత్తరం ఊరికి చేరిందా? చేరింది. ఇంటికి చేరిందా? చేరింది. మరి మీకు అందిందా? లేదు! చేరడం వేరు, అందడం వేరు. ఉత్తరం సంగతి సరే, పాఠం విషయంలోనూ ఈ తేడా ఉందని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

2020 మార్చిలో కరోనా మూలంగా మన బడులన్నీ మూతపడ్డాయి. తెలంగాణలో ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి మూడో తరగతి మొదలు పదో తరగతి దాకా పాఠాలు టీవీలో రావడం మొదలైంది. టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్ళు వాటిని ప్రసారం చేశాయి. పంతులుగారు హైదరాబాదులో పాఠం చెబితే, భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం దాన్ని పట్టుకుని రాష్ట్రం నలుమూలలకూ వెదజల్లింది.

ఆ మూలల్లో ఒకటి మద్నూర్. పటం తీసి వెతకండి. కామారెడ్డి జిల్లాలో, బాన్సువాడ డివిజన్‌లో, రాష్ట్రం అంచున కనిపిస్తుంది. సంగారెడ్డి నుంచి నాందేడ్ మీదుగా అకోలా వెళ్ళే 161వ నంబరు జాతీయ రహదారి దాని మీదుగానే పోతుంది. కాస్త ముందుకు పోతే మహారాష్ట్ర, పక్కకు తిరిగితే కర్ణాటక. అందుకే ఆ చుట్టుపక్కల తెలుగుతోపాటు మరాఠీ, కన్నడం కూడా వినిపిస్తాయి. ఉపగ్రహానికి హైదరాబాదైనా ఒకటే, మద్నూరైనా ఒకటే. పాఠం రెండుచోట్లకూ ఒకే క్షణంలో చేరుతుంది.

చేరుతుంది సరే, అందుతుందా?

నలుగురు పిల్లలు

మద్నూర్ బడిలో నలుగురు పిల్లలున్నారని ఊహించుకుందాం. ఒక అమ్మాయికి చూపు లేదు. ఒక అబ్బాయికి చెవులు వినిపించవు. ఇంకొక అబ్బాయికి చేతివేళ్ళు స్వాధీనంలో లేవు. నాలుగో అమ్మాయికి అన్నీ సరిగానే ఉన్నాయి. కాని అక్షరాలు కూడబలుక్కుని చదవడానికి మిగతావాళ్ళకంటే చాలా ఎక్కువ సేపు పడుతుంది. దీన్ని డిస్‌లెక్సియా అంటారు. తెలివికీ దానికీ సంబంధం లేదు. వాళ్ళలో తెలివైన పిల్లలు ఎందరో ఉంటారు.

తెరమీద రసాయనశాస్త్రం పాఠం మొదలైంది. టీచరుగారు ఒక గాజుకుప్పె ఎత్తి, "ఇదిగో, ఇటు చూడండి. దీన్ని ఇందులో పోస్తే ఇలా మారుతుంది!" అన్నారు. చూపు లేని అమ్మాయి ఏం నేర్చుకుంది? "దీన్ని ఇందులో పోస్తే ఇలా." అంతే!

టీచరుగారి పెదవులు కదులుతున్నాయి. వినిపించని అబ్బాయికి తెర అడుగున ఒక్క అక్షరమైనా లేదు. పాఠం తరవాత ఫోనులో ప్రశ్నలు వచ్చాయి. ఒక్కో ప్రశ్నకు ముప్ఫై సెకన్లే గడువు. వేళ్ళు స్వాధీనంలో లేని అబ్బాయికి జవాబు తెలుసు, కాని వేలు సరైన గడిమీద పడేలోపు గడువు తీరిపోయింది. నాలుగో అమ్మాయి ప్రశ్నను ఇంకా సగమే చదివింది.

ఆ రోజు నలుగురికీ సున్నాలే వచ్చాయి. ఆ సున్నాలు ఎవరివి? పిల్లలవా, పాఠానివా?

నన్నడిగితే అవి పాఠానివే. చూపు లేకపోవడం ఆ అమ్మాయి శరీరానికి సంబంధించిన సంగతి. "దీన్ని ఇందులో పోస్తే ఇలా" అనడం పాఠం తయారుచేసిన తీరుకు సంబంధించిన సంగతి. "పసుపు నీళ్ళలో సున్నపు తేట పోశాను, నీళ్ళు ఎర్రబడ్డాయి" అని టీచరుగారు అని ఉంటే ఆ అమ్మాయికి పాఠం అందేది. ఆ మాటకు దమ్మిడీ ఖర్చు లేదు.

అంకెలు చేసే గారడీ

నిజానికి కంప్యూటరు పాఠం అన్ని పాఠాలకంటే సులువుగా అందరికీ అందవలసినది. ఎందుకంటారా? చెబుతాను వినండి.

కంప్యూటరుకు గాని, సెల్‌ఫోనుకు గాని అక్షరాలు తెలియవు. దానికి తెలిసినవి అంకెలే. అందుకని ప్రపంచంలోని లిపుల్లో ఒక్కో అక్షరానికీ ఒక్కో సంఖ్య కేటాయించుకుంటూ వచ్చారు. ఆ ఏర్పాటు పేరు యూనికోడ్. 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. 3072 నుంచి 3199 దాకా 128 గళ్ళు మనవి. 'అ' సంఖ్య 3077. 'క' సంఖ్య 3093. మీరు 'మద్నూర్' అని టైపు చేస్తే ఫోను లోపల నిలిచేది ఈ వరస: 3118, 3110, 3149, 3112, 3138, 3120, 3149. ఇందులో 3149 రెండుసార్లు ఎందుకు వచ్చిందో చెప్పగలరా? అది పొల్లు గుర్తు. 'ద్'లో ఒకటి, 'ర్'లో ఒకటి!

అక్షరం ఇలా అంకెగా మారిందంటే ఇక దాన్ని ఏ రూపంలోకైనా మార్చుకోవచ్చు. చూపు మందగించినవారికి బొటనవేలంత అక్షరాలుగా చూపవచ్చు. చూపు లేనివారికి మాటగా వినిపించవచ్చు. ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేరు చేసే పని అదే. తెరమీద ఉన్నదాన్ని పైకి చదువుతుంది. తెలుగు కూడా చదువుతుంది. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే యువకుడు 2006లో దాన్ని మొదలుపెట్టాడు. జేమ్స్ టే అనే మిత్రుడు తోడయ్యాడు. ఇద్దరికీ చూపు లేదు. దాని ధర ఎంతో తెలుసా? ఉచితం!

అవే అంకెల్ని బ్రెయిలీ చుక్కలుగానూ మార్చవచ్చు. 1809లో ఫ్రాన్సులో పుట్టిన లూయీ బ్రెయిలీ చిన్నతనంలోనే చూపు పోగొట్టుకున్నాడు. పదిహేనేళ్ళ వయసులో, 1824లో, ఆరు చుక్కల లిపిని తయారుచేశాడు. ఆరు చుక్కల్లో ఏవి ఉబ్బెత్తుగా ఉండాలో మార్చుకుంటూ పోతే 63 గుర్తులు వస్తాయి. కావాలంటే లెక్క వేసి చూడండి. రెండును ఆరుసార్లు వేసి గుణించి, అసలు చుక్కలే లేని ఖాళీ గడిని తీసేస్తే సరి.

1951లో మన దేశంలో భారతి బ్రెయిలీ అమలులోకి వచ్చింది. దాని అందం మద్నూర్ పిల్లలకు మరీ బాగా తెలియాలి. ఇటు తెలుగు చదివే పిల్లకు, అటు దెగ్లూర్‌లో మరాఠీ చదివే పిల్లకు, బీదర్ వైపు కన్నడం చదివే పిల్లకు 'క' అంటే అవే రెండు చుక్కలు. ఒకటో చుక్క, మూడో చుక్క. కంటికి మూడు లిపులు, వేలికి ఒక్కటే!

ఐతే బ్రెయిలీ పుస్తకానికి దళసరి కాగితం కావాలి. మీ సంచిలో పట్టే ఒక్క పుస్తకం బ్రెయిలీలోకి మారితే కొన్ని సంపుటాలవుతుంది. అన్ని ప్రతులు అచ్చువేయడం, మోయడం, పంచడం మాటలు కాదు. అంకెల్లో ఉన్న పాఠానికి ఈ బాధేమీ లేదు. బరువు లేదు, ఎన్ని ప్రతులు తీసినా ఖర్చు లేదు. చూపు లేని పిల్లలకు ఇంత చవకగా, ఇంత త్వరగా పుస్తకం దొరికే అవకాశం వెనకటి కాలంలో ఎన్నడూ లేదు.

చేజేతులా చేస్తున్నది

మరి ఇంత చక్కని అవకాశాన్ని మనం ఏం చేస్తున్నాం? అక్షరాన్ని మళ్ళీ బొమ్మగా మార్చేస్తున్నాం!

నోటుపుస్తకంలో రాసిన జవాబుల్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతాం. పుస్తకం పుటల్ని స్కాన్ చేసి పెడతాం. మన కంటికి అక్షరాలే కనిపిస్తాయి. ఫోనుకు మాత్రం అవి అక్షరాలు కావు, రంగు చుక్కల గుంపు. తెర చదివే సాఫ్ట్‌వేరు అక్కడికి వచ్చి "చిత్రం" అని ఊరుకుంటుంది. బొమ్మలోంచి అక్షరాల్ని పోల్చుకునే సాధనాలు ఉన్న మాట నిజమే. కాని అవి చేసేది ఊహ. మన ద, థ, ధ ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉంటాయో మీకు తెలుసు. పైన గుడులు, కింద వత్తులు ఉండనే ఉన్నాయి. ఫోటో మసకగా ఉంటే యంత్రం తడబడుతుంది.

తెలుగుకు ఇంకొక చిక్కు కూడా ఉంది. యూనికోడ్ వాడుకలోకి రాకముందు మన డీటీపీ కేంద్రాలవారు ఒక ఉపాయం పన్నారు. ఇంగ్లీషు అక్షరాలకున్న సంఖ్యలకే తెలుగు ఆకారాలు తగిలించారు. అను వంటి ఫాంట్లు అలా వచ్చినవే. వాటివల్ల తెలుగు అచ్చుకు జరిగిన మేలు చిన్నది కాదు. కాగితం మీద అచ్చువేసినంతకాలం ఏ ఇబ్బందీ లేదు. ఐతే అదే ఫైలును ఆన్‌లైన్ పాఠంగా పెడితేనే చిక్కు. పైకి తెలుగు వేషం, లోపల ఇంగ్లీషు సంఖ్యలు! సాఫ్ట్‌వేరు చూసేది సంఖ్యల్నే కాబట్టి, 'మొక్క' అని ఉన్నచోట అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు పైకి చదువుతుంది. అటువంటి పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి. ఒకసారి మార్చి, ఒకసారి తప్పులు దిద్దితే చాలు, పాఠం ఉన్నంతకాలం ఆ బాధ ఉండదు.

"ఒకరిద్దరికోసం ఇంత తంటానా?"

ఈ మాట అనేవాళ్ళున్నారు. ఒకరిద్దరా? 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో వైకల్యం ఉన్నవారు 2 కోట్ల 68 లక్షలని తేలింది. సరే, మీ ఊళ్ళో ఒక్కరే ఉన్నారనుకుందాం. ఆ ఒక్కరికోసం చేసిన పని ఆ ఒక్కరితో ఆగిపోదు. ఇటలీలో 1808 ప్రాంతంలో పెలెగ్రినో టూరీ అనే ఆయన, చూపు పోయిన స్నేహితురాలు తన ఉత్తరాలు తానే రాసుకోవాలని ఒక యంత్రం చేసి ఇచ్చాడు. ప్రపంచంలోని తొలి టైపు యంత్రాల్లో అదొకటి. ఈనాడు మీట నొక్కి అక్షరం రాయనివాళ్ళెవరు? 1976లో అమెరికాలో రే కుర్జ్‌వీల్ చూపు లేనివారికోసం పుస్తకాన్ని పైకి చదివే యంత్రాన్ని తెచ్చాడు. ఇప్పుడు కాగితం మీది అక్షరాల్ని పోల్చుకునే పని, రాసినదాన్ని చదివి వినిపించే పని అందరి ఫోన్లూ చేస్తున్నాయి.

మద్నూర్ సంగతే చూడండి. పాఠం అడుగున తెలుగులో అక్షరాలు వేస్తే వినిపించని అబ్బాయితోపాటు ఇంట్లో మరాఠీనో కన్నడమో మాట్లాడుకునే పిల్లలకూ కొత్త మాటలు పట్టుబడతాయి. జవాబును ఫోటో తీయకుండా టైపు చేసి పంపితే మరొక లాభం ఉంది. యూనికోడ్ తెలుగులో ఒక్కో గుర్తుకు సాధారణంగా మూడు బైట్లు పడతాయి. 1,500 గుర్తులున్న పుటకు 4,500 బైట్లు చాలు. అదే పుటను ఫోటో తీస్తే ఇరవై లక్షల బైట్లు సునాయాసంగా అవుతాయి. నాలుగు వందల రెట్లకు పైమాటే! డేటాకు డబ్బు లెక్కచూసుకునే ఇంట్లో ఇది చిన్న విషయమా?

"ముందు అందరికీ ఫోన్లు, సిగ్నళ్ళు రానివ్వండి. వీళ్ళ సంగతి తరవాత చూద్దాం" అనేవారు మరికొందరు. ఈ మాటలో కొంత న్యాయం ఉంది. ఫోనే లేని ఇంటికి ఆన్‌లైన్ పాఠం ఎలాగూ అందదు. కాని 'తరవాత' అన్నదాంట్లోనే పొరపాటు ఉంది. ఇల్లు కట్టేటప్పుడు గుమ్మం వెడల్పుగా పెట్టమంటే మేస్త్రీ ఒక్క మాటతో పెట్టేస్తాడు. కట్టి, సున్నం వేశాక పెంచమంటే గోడ పగలగొట్టాలి. పాఠమూ అంతే. తయారయ్యేటప్పుడే నాలుగు జాగ్రత్తలు తీసుకుంటే సరిపోతుంది.

మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. వైకల్యం ఉన్న పిల్లలకు అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులు ఎంతో చేస్తున్నారు. కాని హైదరాబాదులో సరిగా తయారుకాని పాఠాన్ని ఒక్కో మండలంలో ఒక్కో టీచరు కూర్చుని తిరగరాయడం ఎందుకు? తెలంగాణలో ఆరు వందలకు పైగా మండలాలున్నాయి. మూలంలో ఒక్కసారి దిద్దితే అన్నిచోట్లా దిద్దినట్టే కదా!

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. అన్నీ ఖర్చు లేని పనులు కావు. వినిపించని పిల్లల్లో చాలామందికి సంజ్ఞలే మాతృభాష వంటివి. భారతీయ సంజ్ఞాభాషకు తన వ్యాకరణం తనకుంది. దానిలో పాఠం చెప్పడానికి నేర్చినవాళ్ళు కావాలి, వాళ్ళకు జీతాలు కావాలి. ఆ పని ప్రభుత్వాలే చెయ్యాలి. కొంత జరిగింది కూడా. 2015లో ఢిల్లీలో సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది. పాఠ్యపుస్తకాల్ని సంజ్ఞల్లోకి మార్చడానికి 2020 అక్టోబరులో ఆ కేంద్రమూ, ఎన్‌సీఈఆర్‌టీ ఒప్పందం చేసుకున్నాయి. 2024 డిసెంబరులో సంజ్ఞాభాషకు ప్రత్యేకంగా ఒక టీవీ ఛానల్ మొదలైంది.

చట్టాలకూ కొదవ లేదు. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాల్ని గుర్తిస్తే, 2016 నాటి చట్టం ఇరవై ఒకటింటిని గుర్తించింది. వాటిలో డిస్‌లెక్సియా వంటి చదువు ఇబ్బందులూ ఉన్నాయి. ఇలాంటి పిల్లలకు డిజిటల్ పాఠాలు ఎలా తయారుచెయ్యాలో వివరిస్తూ కేంద్ర విద్యాశాఖ 2021 జూన్‌లో మార్గదర్శకాలు వెలువరించింది. డిజిటల్ సేవలు అందరికీ అందడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఇది ఎవరో దయతలచి చేసే ఉపకారం కాదు, ఆ పిల్లల హక్కు. రాసిపెట్టుకున్నదాన్ని చెయ్యడమే మిగిలింది.

మీరు చెయ్యగలిగినవి

"ఇదంతా పెద్దవాళ్ళ పని, మాకెందుకు?" అనకండి. బడులు తెరిచినా తెరమీది పాఠం పోలేదు. మన పాఠ్యపుస్తకాల్లోని నలుపు తెలుపు గళ్ళ గుర్తును ఫోనుకు చూపితే పాఠం వస్తుంది. ఇంటిపని వాట్సాప్‌లో వస్తుంది. వాటితో మీరే చిన్న ప్రయోగాలు చెయ్యవచ్చు.

ఒక పాఠం పెట్టి అయిదు నిమిషాలు కళ్ళు మూసుకుని వినండి. "ఇది, అది, ఇక్కడ" అని ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. తరవాతి అయిదు నిమిషాలు ధ్వని పూర్తిగా తగ్గించి చూడండి. ఎంత అర్థమైందో రాసుకోండి. పెద్దవాళ్ళ సాయంతో ఫోనులోని తెర చదివే సదుపాయాన్ని పెట్టి, మీ తరగతి నోట్సును చదివించండి. అది చదివిందా, "చిత్రం" అని ఊరుకుందా? ఇలా కళ్ళు మూసుకున్నంత మాత్రాన చూపు లేనివారి అనుభవమంతా మనకు తెలిసిపోయిందనుకోకూడదు. తెలిసేది పాఠంలోని లోపం మాత్రమే.

స్నేహితులకు జవాబులు పంపేటప్పుడు టైపు చేసి పంపండి. పటం పంపితే దానికింద రెండు వాక్యాలు చేర్చండి. 'మొక్క బొమ్మ' అంటే చాలదు. "ఒక మొక్క నిలువుకోత. తల్లివేరు నిట్టనిలువుగా కిందికి దిగింది, దాన్నుంచి పిల్లవేర్లు పక్కలకు చీలాయి" అనండి. అలా రాయాలంటే మీరు ఆ బొమ్మను ముందుకంటే శ్రద్ధగా చూడక తప్పదు. లాభం మీకే! గ్రాఫులో రెండు గీతలుంటే ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ అని వదలకండి. ఆ రెండు రంగుల్నీ విడిగా పోల్చుకోలేని పిల్లలుంటారు. ఒకటి నిండుగీతగా, ఒకటి చుక్కలగీతగా గీయండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. మీ తరగతిలో అటువంటి మిత్రుడో మిత్రురాలో ఉంటే, వాళ్ళకేం కావాలో మీరే ఊహించి చెయ్యకండి. అడగండి. తనకు ఏది ఎలా ఉంటే వీలో తనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

పాఠాలు తయారుచేసే పెద్దలకు నేను చెప్పదలచుకున్నదీ అదే. వీడియో బాగా వచ్చింది, రంగులు మెరిశాయి, సిగ్నలు సరిహద్దు దాకా పోయింది అని చూసి, పాఠం సిద్ధమైందని ముద్ర వెయ్యవద్దు. విడుదలకు ముందు దాన్ని మనం ఊహించుకున్న నలుగురి వంటి పిల్లల ముందు పెట్టండి. వాళ్ళు విని, చూసి, తాకి, తీరుబడిగా జవాబు చెప్పగలిగితే అది సిద్ధమైనట్టు. చెప్పలేకపోతే పిల్లలకు సున్నాలు వెయ్యకండి. పాఠాన్ని వెనక్కి తీసుకెళ్ళి దిద్దుకు రండి.